స్లైడు మీద తెల్లటి గుండ్రాలు

కొవ్వు కణాన్ని మైక్రోస్కోపు కింద చూస్తే ముందు కనిపించేది ఖాళీ. శరీరంలోంచి తీసిన ముక్కని స్లైడు చెయ్యాలంటే ముందు ఫార్మలిన్‌లో ఉంచుతారు, తర్వాత ఆల్కహాల్లోనూ జైలీన్లోనూ ముంచి నీళ్ళన్నీ లాగేస్తారు, చివరికి మైనంలో పోతపోసి పల్చటి పొరలుగా కోస్తారు. ఈ దారిలో నీటితోపాటు కొవ్వు కూడా కరిగిపోతుంది. మిగిలేది సన్నటి గోడ, ఓ అంచుకి నొక్కుకుపోయిన కేంద్రకం, మధ్యలో తెల్లటి గుండ్రం. వందేళ్ళకి పైగా పాథాలజిస్టులు క్యాన్సర్ని ఎక్కువగా ఇలాంటి స్లైడ్ల మీదే చదివారు. గులాబీ, ఊదా రంగుల్లో క్యాన్సర్ కణాలు, వాటి పక్కన తెల్లటి గుండ్రాలు. చూసేవాడి కళ్ళు ఎటు పోతాయో చెప్పక్కర్లేదు.

ఈ వ్యాసం ఆ గుండ్రాల గురించి. క్యాన్సర్ ఒకచోట పుట్టి ఇంకోచోటికి ఎలా పాకుతుంది, అందులో కొవ్వుకి ఏం పని, ఆ పని కనపడ్డానికి అంతకాలం ఎందుకు పట్టింది అన్నవి నా ప్రశ్నలు. నేను డాక్టర్ని కాదు. పగలు సాఫ్ట్‌వేర్ రాస్తాను, రాత్రిళ్ళు పుస్తకాలు చదువుతాను. కాకపోతే మా వృత్తిలో ఒక పాత తగువుంది. ప్రోగ్రామ్ ఆగిపోతే తప్పు కోడ్‌దా, అది నడుస్తున్న సర్వర్‌దా? ఎవరి చోటు నుంచి వాళ్ళు రెండోదాన్ని చూపిస్తారు. క్యాన్సర్ వ్యాప్తి చరిత్ర చదువుతుంటే దాదాపు ఇదే తగువు నూటముప్పై ఏళ్ళుగా నడుస్తున్నట్టు అనిపించింది. తేడా ఏంటంటే, ఇక్కడ మూల్యం చెల్లించింది మనుషులు.

మొదలుపెట్టాల్సిన చోటు 1889 మార్చి, లండన్. స్టీఫెన్ పాజెట్ అనే సర్జన్, అప్పటికి 33 ఏళ్ళవాడు, లాన్సెట్ పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశాడు. ఆయన తండ్రి సర్ జేమ్స్ పాజెట్ ఆ కాలంలో ఇంగ్లండులో పెద్ద పేరున్న సర్జన్. రెండు జబ్బులకి ఇప్పటికీ ఆయన పేరే ఉంది. కొడుకు చేసింది ఆపరేషనూ కాదు, ప్రయోగమూ కాదు. పాత రికార్డులు తిరగేశాడు. రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది శవపరీక్షల వివరాలు పోగుచేసి, జబ్బు ఏ ఏ అవయవాలకి పాకిందో లెక్కపెట్టాడు. కాలేయంలో 241 మందికి. ప్లీహంలో 17 మందికి.

ఆ రెండంకెల మధ్య దూరమే ఆయన వాదన అంతా. అప్పటి చాలామంది ఆలోచన ప్రకారం క్యాన్సర్ ముక్కలు రక్తంలో కొట్టుకుపోయి ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ పెరుగుతాయి. అంటే కాలవలో చెత్త లాగా. అదే నిజమైతే ప్లీహానికి వచ్చే రక్తం తక్కువేం కాదు, దాని ధమని పెద్దదే. రక్తంలో చీము పాకే జబ్బులో ప్లీహానికి గడ్డలు బాగానే వస్తాయి. మరి క్యాన్సర్ దాన్నెందుకు వదిలేస్తోంది? పాజెట్ జవాబుకి వ్యవసాయం పోలిక వాడాడు. మొక్క గింజలు గాలికి అన్ని దిక్కులా పోతాయి, తగిన నేల దొరికినచోటే మొలుస్తాయి. ఈ ఆలోచన తనకంటే ముందే ఎర్న్‌స్ట్ ఫుక్స్ అనే కంటివైద్యుడు చెప్పాడని కూడా నిజాయితీగా ఒప్పుకున్నాడు. చివర్లో ఇంకో మాటన్నాడు. క్యాన్సర్ విత్తనాన్ని పరిశోధించేవాళ్ళు వృక్షశాస్త్రజ్ఞుల్లాంటివాళ్ళట, తనలా రికార్డులు తిరగేసేవాడు దుక్కి దున్నే మనిషేనట. అయినా నేల గురించి ఆ దున్నేవాడు గమనించింది కూడా పనికిరావచ్చు అన్నాడు.

పనికొచ్చింది, కానీ దాదాపు తొంభై ఏళ్ళ తర్వాత.

ఈ మధ్యకాలంలో గెలిచిన ఆలోచన వేరు. అమెరికాలో విలియం హాల్‌స్టెడ్ 1894లో తన రాడికల్ మాస్టెక్టమీ ఫలితాలు ప్రచురించాడు. రొమ్ముతోపాటు దాని వెనకున్న ఛాతీ కండరాలు, చంకలోని లింఫు గ్రంథులు మొత్తం తీసెయ్యడం. ఇంగ్లండులో సాంప్సన్ హాండ్లీ, క్యాన్సర్ పుట్టినచోటు నుంచి లింఫు దారుల వెంట అన్ని వైపులా సమంగా పాకుతుందని సిద్ధాంతం చేశాడు. పాకేది అలాగే అయితే వైద్యం సులువు. ఎంత వెడల్పుగా కోస్తే అంత మంచిది. 1920ల్లో న్యూయార్క్‌లో జేమ్స్ యూయింగ్, అప్పటి క్యాన్సర్ వైద్యానికి పెద్దదిక్కులాంటి మనిషి, వ్యాప్తిని రక్తనాళాల అమరికతోనే వివరించొచ్చు, నేల గొడవ అక్కర్లేదు అని తేల్చాడు. కాలవ సిద్ధాంతమే మళ్ళీ, ఈసారి పెద్ద కుర్చీలోంచి.

సిద్ధాంతం తప్పయితే కాగితం మీద కొట్టేస్తాం. ఈ సిద్ధాంతం మాత్రం ఆడవాళ్ళ ఒంటిమీద రాసి ఉంది. పక్కటెముకలు కనిపించే ఛాతీ, వాచిపోయి పైకి లేవని చెయ్యి. 1970ల దాకా అమెరికాలో రొమ్ము క్యాన్సర్ అంటే దాదాపు ఇదే ఆపరేషన్. 1971లో బెర్నార్డ్ ఫిషర్ మొదలుపెట్టిన ట్రయల్లో 1,600కు పైగా స్త్రీలు పాల్గొన్నారు. కొందరికి హాల్‌స్టెడ్ ఆపరేషన్, కొందరికి అంతకంటే చిన్నది. 25 ఏళ్ళ తర్వాత లెక్క చూసినా బతికినవాళ్ళ నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎక్కువ కోసినందువల్ల ఎక్కువమంది బతకలేదు. ఫిషర్ వాదన పాజెట్ వాదన ఒకటి కావు, కానీ ఇద్దరూ తోసేసింది ఒకదాన్నే. క్యాన్సర్ పాకడాన్ని జామెట్రీ లెక్కలాగా చూడడాన్ని.

ఈలోగా విత్తనం మీద పని గొప్పగా సాగింది. అందులో మన మనిషీ ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన ఆధ్వర్యంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోటెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్, 1947-48లో లుకేమియా పిల్లలకి తాత్కాలికంగానైనా ఊరట తెచ్చాడు. క్యాన్సర్ కణం విభజన చెందడానికి కావల్సిన సరుకు అందకుండా అడ్డుపడే మందు అది. అంటే నేరుగా విత్తనం మీద దెబ్బ. కీమోథెరపీ కథంతా చాలాకాలం అలాగే నడిచింది, లక్షల ప్రాణాలు నిలబెట్టింది కూడా. నాకు నచ్చే సంగతి ఇంకోటుంది. అదే సుబ్బారావు అంతకు ఇరవై ఏళ్ళ ముందు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి, కణాలు శక్తిని ఖర్చుపెట్టే నాణెం ఏటీపీని కండరంలో కనిపెట్టాడు (అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు). ఆ నాణేలు క్యాన్సర్‌కి ఎక్కడి నుంచి వస్తున్నాయన్న ప్రశ్న ఈ కథలో ముందుముందు తగుల్తుంది.

నేలని మళ్ళీ తవ్వినవాడు ఐజయా ఫిడ్లర్. పశువైద్యం చదివి క్యాన్సర్ పరిశోధనకి వచ్చాడు. 1970లో ఎలుకల రక్తంలోకి రేడియోధార్మిక గుర్తు పెట్టిన క్యాన్సర్ కణాలు ఎక్కించి, ఒక రోజు తర్వాత ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టాడు. వెయ్యింటికి ఒకటి కూడా మిగల్లేదు. అంటే రక్తంలో పడ్డ కణానికి ప్రయాణం సులువే, కాపురం కష్టం. తర్వాత 1980లో ఇయాన్ హార్ట్‌తో కలిసి చేసిన ప్రయోగం మరీ ముచ్చటైనది. ఎలుక తొడ కండరంలో ఒకదానికి ఊపిరితిత్తి ముక్క, ఇంకోదానికి అండాశయం ముక్క, మరోదానికి కిడ్నీ ముక్క అంటుకట్టారు. తర్వాత రక్తంలోకి మెలనోమా కణాలు వదిలారు. ఊపిరితిత్తి, అండాశయం ముక్కల్లో గడ్డలు లేచాయి. కిడ్నీ ముక్కలో లేవలేదు. అన్నీ ఉన్నది తొడలోనే, చేరుకున్న రక్తం అదే. నేల మారింది, పంట మారింది. రికార్డులు దున్నిన పాజెట్‌కి ఇన్నాళ్ళకి సాక్ష్యం దొరికింది.

సరే, ఆ నేలలో ఏముంది? ఇక్కడే తెల్లటి గుండ్రాల దగ్గరికి వస్తాం.

కొవ్వుకీ క్యాన్సర్‌కీ లంకె ఉందన్న అనుమానం కొత్తది కాదు. 1914లోనే పేటన్ రౌస్ తిండి తగ్గించిన ఎలుకల్లో కొన్ని గడ్డలు మందగిస్తాయని చూశాడు. 1940లో షికాగోలో ఆల్బర్ట్ టానెన్‌బామ్ ఒంటి బరువుకీ క్యాన్సర్‌కీ సంబంధం మీద వరసగా పరిశోధనలు మొదలుపెట్టాడు. తక్కువ తిన్న ఎలుకలకి గడ్డలు తక్కువ రావడం ఆయన పదేపదే చూశాడు. కానీ ఎందుకు అంటే చెప్పడం కష్టం. ఎందుకంటే అప్పటికి కొవ్వంటే గోదాము. మిగిలిన తిండి దాచుకునే గాదె. గాదె ఏం చేస్తుంది, ఉంటుందంతే.

ఆ అభిప్రాయం మెల్లిగా మారింది. 1970ల్లో సైటరీ, మెక్‌డొనాల్డ్ వంటివాళ్ళు కొవ్వు కణజాలంలో ఈస్ట్రోజెన్ తయారవుతోందని చూపించారు. ముట్లుడిగిన తర్వాత స్త్రీ శరీరంలో ఈస్ట్రోజెన్‌కి ముఖ్యమైన కార్ఖానా అండాశయం కాదు, కొవ్వే. ఈస్ట్రోజెన్ మీద పెరిగే రొమ్ము క్యాన్సర్ ఆ వయసులో స్థూలకాయులకి ఎక్కువ రావడానికి ఇదో ముఖ్య కారణం. ఈ తయారీని ఆపే మందుల్నే ఇవాళ వేలమంది రోజుకో మాత్ర వేసుకుంటున్నారు. 1993లో, లావెక్కిన ఎలుకల కొవ్వు వాపుని పెంచే టీఎన్ఎఫ్ అనే ప్రోటీన్‌ని వదుల్తోందని తేలింది. 1994లో న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్‌ని పట్టుకుంది. అది ఆకలి గురించి మెదడుకి కబురుపెట్టే హార్మోను, పుట్టేది కొవ్వు కణంలో. గాదె అనుకున్నది గ్రంథి అని తేలింది. హార్మోన్లు పంపుతుంది, వాపు రేపుతుంది, చుట్టుపక్కలవాళ్ళతో మాట్లాడుతుంది.

ఇదంతా గడ్డ పుట్టడం గురించి. పాకడం గురించిన మాట తెలియాలంటే కడుపులోకి చూడాలి.

పొట్ట కింద నుంచి పేగుల మీదికి దుప్పటిలా వేలాడే కొవ్వు పొర ఒకటుంది. ఒమెంటమ్ అంటారు. సంస్కృతంలో దానికి వప అని పేరు, వైదిక యజ్ఞాల్లో పశువు వపని హోమం చేసేవాళ్ళు గనక ఆ పేరు చాలా పాతది. 1906లో రూథర్‌ఫర్డ్ మోరిసన్ అనే సర్జన్ దాన్ని కడుపుకి కాపలా ఉండే పోలీసుతో పోల్చాడు. పేగుకి చిల్లి పడితే ఈ పొరే వెళ్ళి అతుక్కుని మూస్తుంది. అలాంటి పోలీసు, అండాశయ క్యాన్సర్ దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో చోటిచ్చి అన్నం పెడుతుంది. ఈ క్యాన్సర్ బయటపడేసరికే చాలామందిలో ఒమెంటమ్‌కి పాకి ఉంటుంది.

ఈ మాట నేను మొదట చూసింది మా మేనత్త స్కాన్ రిపోర్టులో. ఒమెంటల్ కేకింగ్ అని రాసి ఉంది. కొవ్వు పొరంతా గట్టిపడి అచ్చులా తయారవడం. "అదేవిట్రా, కేకు అంటున్నారు?" అని ఆవిడే నవ్వింది. ఆవిడ నలభై ఎనిమిది కిలోలు దాటిన మనిషి కాదు. చూడ్డానికి వచ్చిన చుట్టాల్లో సగంమంది "ఇంత సన్నగా ఉండే మనిషికి ఇదెలా వచ్చింది" అని ఆశ్చర్యపోయారు. పక్క బెడ్‌లో కాస్త ఒళ్ళున్న ఆవిడ ఉండేది. ఆవిడ చుట్టాలకి ఆశ్చర్యం లేదు. "ముందునించీ ఒళ్ళు చూసుకుని ఉంటే..." అని ఆవిడకి వినపడేలాగే అనేవాళ్ళు. ఇద్దరిదీ ఒకే జబ్బు. ఒకరిది దురదృష్టం, ఇంకొకరిది తప్పు. ఈ పంపకం నా బుర్రలో చాలాకాలం తిరిగింది.

2011లో షికాగో విశ్వవిద్యాలయంలో ఎర్న్‌స్ట్ లెంగెల్, క్రిస్టిన్ నీమన్ బృందం ఆ పొరలో ఏం జరుగుతుందో చూపించింది. అండాశయ క్యాన్సర్ కణాల్ని ఎలుక కడుపులో వదిలితే అవి నిమిషాల్లోనే ఒమెంటమ్ దగ్గరికి చేరాయి. అక్కడి కొవ్వు కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్-8 లాంటి సంకేతాలు వాటిని పిలుస్తున్నాయి. చేరాక క్యాన్సర్ కణాలు పక్కనున్న కొవ్వు కణాల చేత నిల్వని కరిగింపజేస్తాయి. బయటికొచ్చిన కొవ్వు ఆమ్లాల్ని తాము లోపలికి తీసుకుని కాలుస్తాయి. గ్రాము పిండిపదార్థానికి 4 కిలోకేలరీలొస్తే గ్రాము కొవ్వుకి 9 వస్తాయి. సుబ్బారావు కనిపెట్టిన నాణేలు ఇక్కడ గుట్టలుగా తయారవుతున్నాయన్నమాట. కొవ్వుని చేతులు మార్చే ఎఫ్ఏబీపీ4 అనే ప్రోటీన్ లేని ఎలుకల్లో గడ్డల వ్యాప్తి బాగా తగ్గింది. స్లైడు మీద తెల్లగా కనపడే గుండ్రం నిజానికి నిండుకుండ.

తర్వాతి అధ్యాయం బార్సిలోనాలో. సాల్వడార్ అజ్నార్ బెనీటా బృందం 2017లో నోటి క్యాన్సర్ గడ్డల్లో ఒక చిన్న గుంపు కణాల్ని వేరుచేసింది. వాటి ఒంటిమీద సీడీ36 అనే ప్రోటీన్ ఎక్కువ, కొవ్వు ఆమ్లాల్ని లోపలికి లాక్కునే తలుపు అది. వేరేచోటికి వెళ్ళి కొత్త గడ్డ మొదలుపెట్టే సత్తా ఎక్కువగా ఈ గుంపుదే. ఎలుకలకి కొవ్వు ఎక్కువున్న తిండి పెడితే లింఫు గ్రంథులకి వ్యాప్తి పెరిగింది. సీడీ36 తలుపుకి యాంటీబాడీతో గడియ పెడితే, మొదటి గడ్డ పెద్దగా మారలేదు గానీ వ్యాప్తి దాదాపు ఆగింది. పుట్టడమూ పాకడమూ రెండు వేర్వేరు పనులని దీనికంటే తేటగా చెప్పే ప్రయోగం నాకు కనపడలేదు. 2021లో అదే బృందం, పామాయిల్లో ఎక్కువుండే పామిటిక్ ఆమ్లం రుచి చూసిన క్యాన్సర్ కణాలు ఆ తిండి ఆగాక కూడా వ్యాపించే గుణాన్ని గుర్తుపెట్టుకుంటాయని ప్రకటించింది. ఒలీక్, లినోలిక్ ఆమ్లాలతో అలా జరగలేదు. పామాయిల్ మన వంటింటికి కొత్త కాదు గనక ఇది వాట్సాప్‌లో ఏ రూపం ఎత్తుతుందో ఊహించగలను. ఇవి ఎలుకల ప్రయోగాలు. మనిషి పళ్ళెం మీద తీర్పు చెప్పడానికి ఇవి చాలవు.

వాట్సాప్ అనగానే ఇంకో సంగతి. "ఇవన్నీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు" అనే వాళ్ళుంటారు. సుశ్రుత సంహితలో అర్బుదాల ప్రస్తావన నిజంగానే ఉంది. ఒక అర్బుదం మీద ఇంకోటి పుడితే అధ్యర్బుదమని, జంటగానో ఒకదాని తర్వాత ఒకటిగానో వస్తే ద్విరర్బుదమని, అది కుదరని జబ్బని ఉంది. అర్బుదం చీము పట్టకపోవడానికి కఫంతోపాటు మేదస్సు ఎక్కువగా ఉండడం కారణమనీ ఉంది. ఒంటిని శ్రద్ధగా చూసిన కళ్ళు అవి, అందుకు గౌరవం. కానీ మేదస్సు అన్న ధాతువూ, కొవ్వు ఆమ్లాన్ని పక్క కణానికి అందించే కణమూ ఒకటి కాదు. ఒకే మాట వాడినంతలో ఒకే జ్ఞానం అయిపోదు. పాజెట్ లెక్కపెట్టాడు, ఫిడ్లర్ అంటుకట్టి చూశాడు. ఆ రెండు పనులూ పోలికలతో జరిగేవి కావు.

మనుషుల లెక్కలూ ఉన్నాయి. 1982లో మొదలై 16 ఏళ్ళపాటు 9 లక్షలకు పైగా అమెరికన్లని గమనించిన అధ్యయనం ఫలితాలు 2003లో వచ్చాయి. ఆ కాలంలో వాళ్ళలో 57,145 మంది క్యాన్సర్‌తో చనిపోయారు. బీఎంఐ 40, అంతకుమించి ఉన్నవాళ్ళలో క్యాన్సర్ మరణాల రేటు మామూలు బరువువాళ్ళకంటే మగవాళ్ళలో 52 శాతం, ఆడవాళ్ళలో 62 శాతం ఎక్కువ. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం, అధిక కొవ్వు లేకపోవడం 13 రకాల క్యాన్సర్ల ముప్పుని తగ్గిస్తుందని తేల్చింది. వీటిని తేలిగ్గా తీసుకోకూడదు. లంకె ఉంది.

కానీ ఈ అంకెలు జనాభాకి సంబంధించినవి. ఆసుపత్రి మంచం మీద ఉన్న ఒక మనిషి మీద ఇవి తీర్పులు కావు. పైగా కొవ్వు కంటికి కనిపించేంత తిన్నటి విషయమూ కాదు. 2004లో లాన్సెట్‌లోనే ఒక సరదా ఫొటో అచ్చయింది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఇద్దరూ సన్నటివాళ్ళే. తూకం మిషనుకి తెలియని సంగతిని, పరామర్శకి వచ్చిన చుట్టం ఒక్క చూపులో తేల్చేస్తాడు.

మన భాష కూడా ఆ చుట్టం పక్షమే. కొవ్వెక్కింది, కొవ్వు పట్టింది, ఒళ్ళు బలిసింది. అన్నీ తిట్లే, అన్నీ పొగరుకి పేర్లే. తెలుగులో కొవ్వు అవయవం కాకముందే నేరం అయింది. అందుకే విత్తనం–నేల పోలికలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది దాని శాస్త్రం ఒక్కటే కాదు, అందులో నింద లేకపోవడం. కలుపు మొలిచిందని ఏ రైతూ నేలని తిట్టడు. మన్ను పరీక్ష చేయిస్తాడు, తడి చూస్తాడు, ఏం మార్చొచ్చో ఆలోచిస్తాడు. మా మేనత్త ఒంట్లో ఉన్న వప సన్నటి మనిషికీ ఉంటుంది, లావుపాటి మనిషికీ ఉంటుంది. పేగుకి చిల్లి పడ్డప్పుడు అతుక్కుని కాపాడేదీ అదే.

కొవ్వుని స్లైడు మీద చూడ్డానికి దారి లేకపోలేదు. ముక్కని ఆల్కహాల్లో ముంచకుండా గడ్డకట్టించి కోసి, ఆయిల్ రెడ్ అనే రంగు వేస్తే ఆ గుండ్రాలు ఎర్రగా నిండుగా కనిపిస్తాయి. పద్ధతి పాతదే. చూడాలని అనుకోవడమే ఆలస్యమైంది. క్యాన్సర్ మాట వినగానే మనందరం అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడికి పాకింది?" అని. పాజెట్ 735 మంది చనిపోయినవాళ్ళ కాగితాలు ముందేసుకుని అడిగింది ఇంకోటి: అక్కడికే ఎందుకు? ఇప్పుడిప్పుడే జవాబులు రావడం మొదలైంది. వాటిలోంచి మందులు రావాలి. నిందలు కాదు.